10 అడుగుల బాడీ పోయి 9 అడుగుల పికప్ వచ్చింది: ఎనక జనరేటర్ ట్రాలీ గుంజేటోళ్ళు చదవాలె

మాది టెంట్ హౌస్. వరంగల్ కరీమాబాద్ దిక్కు గోదాం. బాపు మొదలువెట్టిన పని, ఇప్పుడు నేను చూస్కుంట. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు, స్టేజీ బల్లలు, లైటింగ్ అన్నీ పికప్ ల పోతయి, 25 కేవీఏ జనరేటర్ మాత్రం రెండు టైర్ల ట్రాలీ మీద పికప్ ఎనక హుక్కుకు తగిలిచ్చి గుంజుకపోతం. కొత్త పికప్ తీస్కొని ఎనిమిది నెలలైంది, పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది, పెళ్ళిళ్ళ సీజన్ ఒకటి పూర్తిగ చూసింది, అందుకే ఇప్పుడు రాస్తున్న. తీస్కున్న వారానికే రాస్తె అది రివ్యూ కాదు, సంబురం.

కంపెనీ పేరు రాస్తలేను. ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ కంపెనీ బండికైనా వర్తిస్తది. షోరూంకు పోతె అందరం అడిగేది ఒకటే మాట, అన్నా బాడీ ఎన్ని ఫీట్లు అని. ఎనిమిదా తొమ్మిదా పదా. నేను కూడ గట్లనే అడిగిన మొదటిసారి. ఎనక ట్రాలీ గుంజేది ఉన్నోళ్ళు ముందు అడగాల్సింది అది కాదు. ఎనక టైరు నడిమి నుంచి హుక్కు దాక ఎంత దూరం ఉన్నది, ముందు టైరుకు ఎనక టైరుకు మధ్యల ఎంత దూరం ఉన్నది, ఈ రెండు అడగాలె. బాడీ పొడువు ఆ తర్వాత. నాకు ఇది తెలిసే వరకు డబ్బులు పోయినయి, ప్రాణాల మీదికి కూడ వచ్చింది, అందుకే జర వివరంగ చెప్త.

మా పాత బండిది కంపెనీ నుంచి వచ్చినప్పుడు 8 అడుగుల బాడీ. షామియానా పైపులు 10 అడుగులు. ఎనక రెండడుగులు బయటికి ఉంటుండె, ఎర్ర గుడ్డ కట్టి నడిపిస్తుండె. 2019 ల మోటారు వాహనాల చట్టం మార్చినప్పటి నుంచి లోడు బాడీ దాటి బయటికి వస్తె 20 వేలు జరిమానా, ఎర్ర గుడ్డ కడితె నడువదు. రెండు మూడు సార్లు చెక్ పోస్టుల కాడ గుండె దడదడ అన్నది. అప్పుడు ఒక బాడీ షెడ్డు ఆయన దగ్గరికి పోతె, ఏం లేదన్నా, ఎనక రెండడుగులు పెంచుత, 10 ఫీట్లు చేస్త, నీ పైపులు లోపల్నే పడ్తయి అన్నడు. 38 వేలు తీస్కున్నడు. నాలుగు రోజులల్ల బండి చేతికి వచ్చింది, చూడ్డానికి మస్తుగ ఉన్నది, పైపులు సరిగ్గ లోపల పట్టినయి, బాపు కూడ మంచిగ చేసిండు అన్నడు. హుక్కు కూడ పాత జాగల నుంచి తీసి పెంచిన బాడీ చివరికి పెట్టిండు, ఎందుకంటే పాత జాగల ఉంటె ట్రాలీ ముక్కు బాడీ కిందికి పోయి తాకుతది గదా.

ఆ పెంచిన రెండడుగులు ఎక్కడ పెరిగినయి అంటె, మొత్తం ఎనక టైరు అవుతల పెరిగినయి. టైర్ల మధ్య దూరం అంతే, ఎనిమిదిన్నర అడుగులు. ఎనక టైరు నుంచి హుక్కు దాక ఇదివరకు మూడున్నర అడుగులు ఉండె, ఇప్పుడు ఐదున్నర. బండికి తోక పెరిగింది, నడుము పెరగలే.

2024 ఫిబ్రవరి మేడారం జాతరకు ఒక క్యాంపు లైటింగ్ ఆర్డర్ వచ్చింది. పొద్దుగాల నాలుగింటికి గోదాంల లోడు ఎత్తి, జనరేటర్ తగిలిచ్చుకొని ములుగు రోడ్డు పట్టినం. ఆత్మకూరు దాటినంక రోడ్డు ఖాళీగ ఉన్నది, 60 దాక పోనిచ్చిన. మల్లంపల్లి దిక్కు చిన్న దిగుడు ఉంటది, అక్కడ ఒక బస్సు పక్కపొంటి సర్రున పోయింది, ఆ గాలికి ట్రాలీ ఒకసారి కుడికి ఊగింది, తర్వాత ఎడమకు, తర్వాత ఇంక గట్టిగ కుడికి. అద్దంల చూస్తె జనరేటర్ ఒకసారి ఈ పక్క కనవడ్తది ఒకసారి ఆ పక్క కనవడ్తది. స్టీరింగ్ చేతిల దూదిలెక్క అయింది, తిప్పితె ముందు టైర్లు మాట ఇంటలేవు. బ్రేక్ తొక్కబోయిన, పక్కన కూసున్న మా మేస్త్రి కాక, తొక్కకు తొక్కకు, కాలు తియ్యి అని ఒర్లిండు. ఆయన ఇరవై ఏండ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి. యాక్సిలేటర్ మీదికెళ్ళి కాలు తీసి స్టీరింగ్ నిట్టనిలువ పట్టుకున్న, అర కిలోమీటర్ కు బండి నిమ్మళించింది. గట్టమ్మ తల్లి గుడి కాడ ఎట్లైనా అందరం ఆగుతం గదా, అక్కడ ఆపి, దండం పెట్టుకొని, కొబ్బరికాయ కొట్టి, టార్చి పట్టుకొని బండి కిందికి దూరిన. హుక్కు ప్లేటు వెల్డింగు మీద సన్నగ ఎంటిక అంత పగులు, దాని పొంటి ఎర్రగ తుప్పు. తుప్పు వచ్చిందంటె ఆ పగులు గాడ పడ్డది కాదు, శానా రోజుల సంది ఉన్నది. ఆ షెడ్డు ఆయన పెంచిన ఛానెల్ కు వెల్డింగు కొట్టిండు తప్ప అసలు చాసిస్ కు, అంటె బండి కింది ఇనుప చట్రానికి, బోల్టులు వెయ్యలే.

ఆడికెళ్ళి మేడారం దాక 30 మీద పోయినం. ట్రాలీని గొలుసుతోని రెండు సుట్లు చాసిస్ కు కట్టి.

జాతర అయినంక వచ్చి నేను ఊకోలే. డల్లాస్ దిక్కు ఉండే మా బామ్మర్దికి ఫోన్ చేసిన, వాడు అక్కడ ఫోర్డ్ ఎఫ్-150 పెట్టుకొని వీకెండ్ వస్తె ట్రావెల్ ట్రైలర్, అంటె చక్రాల మీద ఇల్లు లెక్క ఉంటది, దాన్ని గుంజుకొని పిల్లలతోని పోతుంటడు. బావా నువ్వు అడిగేదే ఈడ కూడ పికప్ కొనేటోళ్ళందరు అడుగుతరు, బెడ్, అంటె మన బాడీయే, ఐదున్నర అడుగులదా, ఆరున్నరదా, ఎనిమిదిదా అని, చెప్పి ఒక గంట సేపు మంచిగ సమజ్ చేసిండు. వాని మాటలల్ల నాకు శానా పనికొచ్చింది ఒకటుంది. ఎఫ్-150 నాలుగు డోర్ల బండిల ఐదున్నర అడుగుల బెడ్ ఉన్నదానికి చక్రాల మధ్య దూరం 145 అంగుళాలు, ఆరున్నర అడుగుల బెడ్ దానికి 157 అంగుళాలు. అంటె బెడ్ ఒక అడుగు పెంచితె చక్రాల మధ్య దూరం కూడ అడుగు పెంచిన్రు, తోక పెంచలే. అందుకే ఆడ పెద్ద బెడ్ బండి ట్రైలర్ ను నిమ్మలంగ గుంజుతది అంటరు, దానికి కారణం బెడ్ కాదు, కింద పెరిగిన చక్రాల మధ్య దూరం. మన దగ్గర షెడ్డుల పెంచితె పెరిగేది తోక. పేరు రెండింటికి ఒకటే, పెద్ద బాడీ.

ఇంకోటి చెప్పిండు. ఆడ ఫిఫ్త్ వీల్ అని ఇంకో రకం ట్రైలర్ ఉంటదట, దాని హుక్కు బండి ఎనక ఉండదు, బెడ్ నడుమ, ఎనక ఇరుసు మీద ఉంటది. గట్లాంటి దానికి బెడ్ పొడువు కచ్చితంగ చూడాలె, పొట్టి బెడ్ ఐతె మలుపు తిప్పినప్పుడు ట్రైలర్ ముక్కు వచ్చి కేబిన్ అద్దానికి కొడ్తది, అందుకని ఎనకకు జరిగే హుక్కు వేపిచ్చుకుంటరట. మామూలుగ ఎనక గుండు హుక్కుకు తగిలిచ్చే ట్రైలర్ కైతె బెడ్ పొడువుతోని సంబంధం లేదు. మన జనరేటర్ ట్రాలీ ఈ రెండో రకమే.

మూడోది ముక్కు బరువు. ట్రైలర్ మొత్తం బరువుల 10 నుంచి 15 శాతం దాక హుక్కు మీద పడాలె అన్నడు, తక్కువ పడితె తోక ఊపుతది. ఇది ఇన్నంక నేను ఎనుమాముల మార్కెట్ ల మిర్చి బస్తాలు తూచే కాంటా ఒకటి తెలిసిన సేటు దగ్గర అడుక్కొచ్చి, ట్రాలీని సాపు జాగల పెట్టి, ముక్కు హుక్కు ఎత్తుకే వచ్చేటట్టు కింద మొద్దు పెట్టి కాంటా మీద దించిన. 60 కిలోలు చూపెట్టింది. ట్రాలీ, జనరేటర్, డీజిల్ అంత కలిపి ధర్మకాంటా మీద 1,240 కిలోలు. అంటె ఐదు శాతం కూడ లేదు! డీజిల్ పోసుకునుటానికి అలకగ ఉంటదని మా పోరగాండ్లు జనరేటర్ ను ఎప్పుడో ఎనకకు జరిపిన్రు, ఆ సంగతి ఎవ్వలికి గుర్తు లేదు. బోల్టులు ఇప్పి ఏడు అంగుళాలు ముందుకు జరిపినం. మళ్ళ తూస్తె 130. ఏడు అంగుళాలకు 70 కిలోల తేడా, నేను రెండోసారి కూడ తూచిన నమ్మకం రాక.

ఇగ ఊగుడు తగ్గుతది అనుకున్నం, తగ్గింది. కని స్టీరింగ్ ఇంక అలకగ అయింది. ఇక్కడనే తోక పొడువు సంగతి నాకు పూర్తిగ అర్థమైంది. ఎనక హుక్కు మీద 130 కిలోలు పెడితె ఎనక టైరు నడుమ ఆధారం లెక్క అయితది, పిల్లల ఉయ్యాల బల్ల లెక్క, ముందు టైర్లు పైకి లేస్తయి. ఎంత లేస్తయి అంటె హుక్కు దూరాన్ని చక్రాల మధ్య దూరంతోని భాగించి, ముక్కు బరువుతోని గుణించాలె. పాత హుక్కు జాగల ఉన్నప్పుడైతె 130 కి 54 కిలోలు ముందు టైర్ల మీదికెళ్ళి పోతుండె. పెంచినంక 84 పోతుంది. ఆ 84, ఈ 130 కలిపి 214 కిలోలు ఎనక కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) మీద. దానికి తోడు పెంచిన తోకల మనం వేసే లోడు, అది కూడ ఎనక ఇరుసు అవుతలనే గదా. ముక్కు బరువు తక్కువ పెడితె ట్రాలీ ఊగుతది, సరిగ్గ పెడితె ముందు టైర్లు లేస్తయి, రెండు దిక్కుల ఇరికిచ్చింది ఆ పెంచిన బాడీ. ముందు టైర్లు లేచిన బండి వానల బురదల మలుపు మీద ఎట్లుంటదో నడిపినోళ్ళకు చెప్పనక్కరలేదు.

ఇంక కాయితాల సంగతి. ఎనక ఇరుసు అవుతల బాడీ, చక్రాల మధ్య దూరంల 60 శాతం దాటొద్దని మోటారు వాహనాల రూల్స్ ల ఉన్నది. మా ఎనిమిదిన్నర అడుగులకు 60 శాతం అంటె 5 అడుగుల 1 అంగుళం, మా బాడీ చివర అది దాటింది. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చొద్దని చట్టంల 52 వ సెక్షన్. ఫిట్ నెస్ కు పోయినప్పుడు బాడీ పాత లెక్కకు తెస్తెనే అన్నరు, వాళ్ళ తప్పు లేదు. మళ్ళ బాడీ కోయించి పాత కొలతకు తెచ్చి, బండి అమ్మేసినం. కొన్నాయనకు అన్ని సంగతులు చెప్పే అమ్మినం.

ఇప్పుడు కొత్త బండి. ఈసారి టేపు పట్టుకొని షోరూంలు తిరిగిన, సేల్స్ పిల్లగాడు ఇదేందన్నా అందరు మైలేజ్ అడుగుతరు నువ్వు బండి కింద పండుకుంటున్నవ్ అన్నడు. మార్కెట్ల ఉన్న బండ్ల కొలతలు కాయితం మీద చూస్తె కూడ తెలుస్తది. టాటా ఇంట్రా వి30 కి బాడీ 2690 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య 2450. అదే వి50 కి బాడీ 2960, చక్రాల మధ్య 2600. అంటె బాడీ 270 పెరిగితె చక్రాల మధ్య 150 పెరిగింది, మిగిలింది తోక. కంపెనీ లెక్కల పెంచింది కాబట్టి రూల్స్ లోపలనే ఉంటది, లోడుకు పెద్ద బండే మంచిది, కని ట్రాలీ గుంజేటోళ్ళు ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్కోవాలె. మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ ల పెద్దదానికి 3050 మిల్లీమీటర్లు, అంటె సరిగ్గ 10 అడుగులు, 2 టన్నుల లోడు. షెడ్డు ముఖం చూడకుండ 10 అడుగులు కావాలంటె గిట్లాంటిదే తీస్కోవాలె. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి నాలుగు డోర్ల బండ్లు గుంజుటానికి బలంగనే ఉంటయి గని ఎనక బెడ్ ఐదడుగులు, మా పనికి కుర్చీలే పట్టవు.

మేము తీస్కున్నది 9 అడుగుల బాడీ, చక్రాల మధ్య పదిన్నర అడుగులు, ఎనక ఇరుసు నుంచి హుక్కు మూడుంబావు అడుగులు. కంపెనీ పుస్తకంల ట్రైలర్ గుంజుటానికి ఎంత దాక పర్మిషన్ ఉన్నదో చూసి, ఆర్టీవో ఆఫీసుల అడిగి, ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ చేపిచ్చి అప్పుడు హుక్కు పెట్టిచ్చినం. శానా మంది జనరేటర్ ట్రాలీకి నంబర్ లేకుండనే తిప్పుతరు, చట్టం ప్రకారం ట్రైలర్ కూడ బండే, ఏమన్న అయితె ఇన్సూరెన్స్ దగ్గర నిలవడదు. హుక్కు ఈసారి అసలు చాసిస్ రెండు దిక్కుల ఛానెల్ కు ప్లేటు వేసి బోల్టులతోని. దీనికి ముందు టైర్ల మీదికెళ్ళి పోయేది 40 కిలోలే, పాతదాంట్ల సగం కూడ లేదు.

నడిపితె తేడా మొదటి రోజే తెలిసింది. అదే ట్రాలీ, అదే జనరేటర్, పరకాలకు పెళ్ళికి పోయినం, గూడెప్పాడ్ మలుపు దాటినంక లారీలు ఎదురుగ వస్తున్నయి, ఒక్కో లారీ పోతుంటె నా చేతులు వాటంతట అవే స్టీరింగ్ మీద బిగుసుకుంటున్నయి మల్లంపల్లి గుర్తొచ్చి, కని బండి కదలలే. స్టీరింగ్ బరువుగ, తిప్పిన జాగల తిరిగింది. ఎనక ట్రాలీ ఉన్నదని మర్చిపోయే అంత నిమ్మలం. మేస్త్రి కాక సగం దూరంల నిద్రపోయిండు, ఇంతకన్న సర్టిఫికెట్ నాకు అక్కరలేదు.

తక్కువలు కూడ చెప్పాలె. చక్రాల మధ్య దూరం ఎక్కువ ఉన్న బండి గల్లీలల్ల కష్టం. గిర్మాజీపేట, మట్టెవాడ లోపలి సందులల్ల ఇదివరకు ఒక్క తిప్పుడుకు మలిగే జాగల ఇప్పుడు రెండు మూడు సార్లు ముందుకు ఎనకకు చెయ్యాలె, లోపలి దిక్కు ఎనక టైరు మలుపు కోసుకుంట వస్తది, ఒక ఇంటి అరుగు అంచు తాకి సిమెంటు పెచ్చు లేచింది, మేమే మేస్త్రిని పిలిచి చేపిచ్చినం. సందు చిన్నగుంటె రోడ్డు మీదనే ట్రాలీ ఇప్పి నలుగురం నూకుకపోతున్నం. రివర్స్ ల మాత్రం ఇది నయం, పాత బండికి స్టీరింగ్ కొంచెం తిప్పంగనే ట్రాలీ అడ్డం పడుతుండె, ఇది నిదానంగ మలుగుతది, సరిచేస్కునుటానికి టైమ్ దొరుకుతది.

ఇంకోటి, ఎవ్వలు ముందుగల్ల చెప్పరు. హుక్కు ఇరుసుకు దగ్గరగ ఉంటె డాల (బాడీ ఎనక తలుపు) తెరిచినప్పుడు ట్రాలీ ముక్కు మీద ఉండే జాకీ హ్యాండిల్ కు వచ్చి తాకుతది. మొదటి రోజు కుర్చీలు దించుటానికి పిల్లగాడు డాల గొళ్ళెం తీసి వదిలిండు, ఠంగుమని హ్యాండిల్ మీద పడి డాల నడుమ గుంత పడ్డది. ఇప్పుడు హ్యాండిల్ ఇప్పి పక్కన పెట్టే రకం వేపిచ్చినం. కొనే ముందే డాల తెరిచి ఎంత కిందికి వస్తదో, ట్రాలీ ముక్కు ఎంత ఎత్తు ఉన్నదో చూస్కోండ్రి, ఐదు నిమిషాల పని.

మరి 10 అడుగుల పైపులు 9 అడుగుల బాడీల ఎట్ల అంటరా. బాడీ వెడల్పు ఐదున్నర అడుగులు, మూలకు మూల కొలిస్తె పదిన్నర అడుగులు వస్తది. ఇరవై పైపుల కట్ట ఒకటి అట్ల ఏటవాలుగ పట్టింది, కని రెండు పక్కల కుర్చీలు సరిగ్గ కూసుంటలేవు, జాగ ఆగమైతది. అందుకని కేబిన్ ఎనక గార్డు ఎత్తు పెంచకుండ దాని మీద రబ్బరు వేసి, పైపుల ఎనక కొసలు డాల మొదట్ల ఆనిచ్చి, ముందు కొసలు గార్డు మీదికెళ్ళి కేబిన్ పైకి వచ్చేటట్టు పెడ్తున్నం. ఎనకకు ఒక్క అంగుళం బయటికి రాదు, కేబిన్ ముందుకు దాటదు. రెండు జాగల తాడు, ఒక జాగల బెల్టు. పాత పైపులు పాడైన కొద్ది ఐదడుగుల జోడు పైపులు తీస్కుంటున్నం, సాకెట్ తోని అతుకుతయి, ఏడాదిల అన్నీ మారుస్తం. పైపు పొడువు కోసం బండి పెంచుడు కన్న పైపు తగ్గిచ్చుడు శానా చవక, ఈ ఆలోచన మాకు 38 వేలు పెట్టక ముందు రాలే.

మార్కులు అడిగితె ట్రాలీ గుంజుడుకు 5 కు 5 ఇస్త, గల్లీలకు 3, సామాను పట్టుడుకు 4. పెద్ద ఆర్డర్ ఐతె స్టేజీ బల్లలు ఎనిమిది మిగులుతున్నయి, రెండో ట్రిప్పు వెయ్యాలె, డీజిల్ ఎక్కువైతది, అది నిజం. ట్రాలీ లేకుండ ఉత్త సామానే మోసేటోళ్ళు ఐతె కంపెనీ 10 అడుగుల బండి తీస్కోండ్రి, మీకు ఇదంత అక్కరలేదు.

ఇంక ట్రాలీకి సొంత బ్రేకులు లేవు. 1,240 కిలోలు ఎనక నుంచి నూకుతుంటె ఆపేది మొత్తం పికప్ బ్రేకులే, అందుకే 50 దాటుతలేను ఎంత ఖాళీ రోడ్డైనా. ముక్కు నూకినప్పుడు దానంతట అదే పట్టే బ్రేకు ఉంటదట, దానికి ట్రాలీ ఇరుసు మార్చాలె. దసరా సీజన్ పైసలు చేతికి రాంగనే ఆటోనగర్ ల ఆ పని పెట్టిస్త, అది అయినంక మళ్ళ ఇక్కడనే రాస్త.